ఒకరి మాట మరొకరి నోట

ఒకరు పలికిన మాటను మరొకరు చేరవేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. పలికినవారి మాటలను ఉన్నవి ఉన్నట్లు కొటేషన్ గుర్తుల మధ్య నిలిపితే అది డైరెక్ట్ స్పీచ్, తెలుగు వ్యాకరణంలో ప్రత్యక్ష కథనం. ఆ మాటల సారాన్ని గ్రహించి, చేరవేసేవారు దానిని తమ వాక్యంలో కలుపుకొని చెబితే అది రిపోర్టెడ్ స్పీచ్, అంటే పరోక్ష కథనం. మొదటిదాన్ని రెండవదిగా మార్చడాన్ని ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలు సాధారణంగా పట్టికలతో నేర్పుతాయి: ‘నౌ’ ఉన్నచోట ‘దెన్’, ‘హియర్’ ఉన్నచోట ‘దేర్’, ‘టుమారో’ ఉన్నచోట ‘ద నెక్స్ట్ డే’, ‘విల్’ ఉన్నచోట ‘వుడ్’. పట్టికలో తప్పేమీ లేదు గాని, ఆ జంటలన్నింటి వెనుక ఉన్న కారణం ఒక్కటేనని ఎవరూ చెప్పకపోవడం వల్ల, ఒక్క విషయం అర్థం చేసుకుంటే సరిపోయే విద్యార్థి ఇరవై విషయాలు కంఠస్థం చేయవలసి వస్తున్నది.

ఆ కారణం పలికేవారి స్థానం. ‘నేను’, ‘ఇక్కడ’, ‘ఇప్పుడు’, ‘రేపు’ వంటి మాటలకు స్థిరమైన అర్థం లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పలికారో తెలిస్తేనే అవి దేనిని సూచిస్తున్నాయో తెలుస్తుంది. హైదరాబాదులో ఒక వ్యక్తి సోమవారం నాడు ‘ఐ విల్ కమ్ హియర్ టుమారో’ అన్నాడనుకుంటే, ఆ మాటను వారం గడిచాక విజయవాడలో చెప్పేవారికి అతని ‘ఐ’ తాము కాదు, అతని ‘హియర్’ తమ ఊరు కాదు, అతని ‘టుమారో’ ఏనాడో గడిచిపోయింది. అందుచేత ‘హి సెడ్ దట్ హి వుడ్ గో దేర్ ద నెక్స్ట్ డే’ అనవలసి వస్తుంది. అదే మాటను ఆ సాయంత్రమే అదే గదిలో మరొకరికి చెప్పేవారు ‘హియర్’నూ ‘టుమారో’నూ మార్చనక్కరలేదు. పరీక్ష ప్రశ్నలో స్థలమూ సమయమూ ఇవ్వరు కనుక అన్నింటినీ మార్చడమే సరైన సమాధానంగా చలామణి అవుతున్నది. అది పరీక్ష సౌకర్యమే గాని భాషా నియమం కాదు.

కాలం విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ‘సెడ్’ అనే భూతకాల క్రియ ముందు నిలిస్తే లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. దీనినే బ్యాక్‌షిఫ్ట్ అంటారు. నిత్య సత్యాలకు ఈ మార్పు వర్తించదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి గాని, అసలు సంగతి అంతకంటె సూక్ష్మమైనది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని ఉపాధ్యాయుడు అన్నాడని చెప్పేటప్పుడు ‘గోజ్’ అని వర్తమానంలోనే ఉంచడంలో చెప్పేవారి అంగీకారం కూడా ఉంది. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతాడని ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టోలెమీ అన్నట్లు చెప్పవలసి వస్తే ‘వెంట్’ అనడమే సహజం. ఆ భూతకాలం, ఇది అతని మాటే గాని తమది కాదని తెలియజేస్తుంది. ఒక క్రియారూపం ఎంపికలో ఒప్పుకోలు, ఎడం రెండూ ఇమిడి ఉండడం ఇంగ్లీషుకున్న గొప్ప సౌలభ్యాలలో ఒకటి.

తెలుగు విద్యార్థికి ఈ పాఠం కష్టమయ్యేది తెలివి చాలక కాదు, తన భాష ఈ పనిని వేరొక దారిలో, కొన్నిచోట్ల ఇంకా నేర్పుగా చేస్తుంది కనుక. సంస్కృతంలోని ‘ఇతి’ లాగానే తెలుగులోని ‘అని’ పలికిన మాట చివర చేరి దానిని ముగిస్తుంది; లోపలి క్రియ కాలం మారదు. ‘తాను వస్తానని రవి అన్నాడు’ అనే వాక్యంలో రవి ప్రథమ పురుషుడైనప్పటికీ క్రియ చివరి ఉత్తమ పురుష ప్రత్యయం చెక్కుచెదరలేదు. ‘నేను’ మాత్రమే ‘తాను’గా మారింది, రవి గొంతు క్రియలో మిగిలే ఉంది. ‘వస్తాడని రవి అన్నాడు’ అంటే వచ్చేది మరొకరు. ఇంగ్లీషులో ‘రవి సెడ్ దట్ హి వుడ్ కమ్’ అన్నప్పుడు ఆ ‘హి’ రవియో మరొకరో సందర్భమే తేల్చాలి. ఉత్తమ పురుష కర్తను అనుసరించి, మధ్యమ పురుష కర్మను అనుసరించి మారుతుందని, ప్రథమ పురుష మారదని ‘ఎస్-ఓ-ఎన్’ అనే మూడక్షరాల గుర్తుతో నేర్పే సూత్రం మార్పిడికి పనికివస్తుంది గాని ఈ సందిగ్ధతను తొలగించలేదు.

ప్రశ్నల దగ్గర జరిగే పొరపాటుకూ మూలం ఈ ‘అని’యే. ‘ఎక్కడికి వెళుతున్నావని అడిగాడు’ అనే అలవాటు వల్ల ‘హి ఆస్క్డ్ దట్ వేర్ వాజ్ ఐ గోయింగ్’ అనే వాక్యం పుడుతుంది. ‘అని’ కాస్తా ‘దట్’ అవుతుంది, ప్రశ్న ప్రశ్నగానే ఉండిపోతుంది. ఇంగ్లీషులో హెల్పింగ్ వెర్బ్ కర్తకు ముందు నిలవడం అడగడానికి గుర్తు. చేరవేసేవారు తామేమీ అడగడం లేదు, ఒకరు అడిగిన సంగతి చెబుతున్నారు కనుక ఆ గుర్తు తొలగి ‘వేర్ ఐ వాజ్ గోయింగ్’ అవుతుంది.

ఇంతకంటె బరువైన బాధ్యత రిపోర్టింగ్ వెర్బ్‌ది, అంటే ‘అన్నాడు’, ‘అడిగాడు’ వంటి చేరవేత క్రియది. బావి దగ్గరికి పోవద్దు అనే ఒకే మాట తల్లి నోట జాగ్రత్త, కావలివాడి నోట ఆజ్ఞ, పగవాడి నోట బెదిరింపు కాగలదు. ‘వార్న్డ్’, ‘ఆర్డర్డ్’, ‘థ్రెటెన్డ్’ అనే క్రియలలో ఏది తగునో పలికిన మాటలు చెప్పవు, చేరవేసేవారే నిర్ణయించాలి. పత్రికా విలేఖరి ‘చెప్పాడు’ అనవలసిన చోట ‘ఒప్పుకున్నాడు’ అని రాస్తే ఒక మనిషి మీద నేరం మోపినట్లే అవుతుంది. ఈ వివేకాన్ని నేర్పవలసిన పాఠం, సంతోష వాక్యాలన్నింటికీ ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్’ అని తగిలించమనడంతో సరిపెట్టుకోవడం బాధాకరం. ఆ పదబంధం పరీక్ష కాగితం బయట వినిపించడమే అరుదు.

ఏ రూపంలో నమోదు చేయాలన్న ప్రశ్న చట్టసభలకూ ఎదురైంది. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ పార్లమెంటు చర్చల సంపుటాలలో, హాన్సర్డ్ అని పేరుపడినవాటిలో, చాలా ప్రసంగాలు సభ్యుడు ఫలానా విధంగా అన్నాడని పరోక్షంగానే ఉంటాయి. 1909లో ఆ పనిని సభే స్వయంగా చేపట్టాక దాదాపు పలికినది పలికినట్లు ఉత్తమ పురుషలో ముద్రించే పద్ధతి స్థిరపడింది. సమావేశాల మినిట్స్ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పరోక్ష కథనంలోనే సాగుతాయి.

ప్రత్యక్ష, పరోక్ష కథనాల మధ్య మూడో దారి ఒకటి నవలాకారులు ఏర్పరచుకున్నారు. 1815 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ ‘ఎమ్మా’ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ పద్ధతిని స్వేచ్ఛా పరోక్ష కథనం అనవచ్చు. ‘వాట్ వుడ్ షి డూ టుమారో?’ వంటి వాక్యాన్ని పరిశీలిస్తే, ‘వుడ్’, ‘షి’ పరోక్ష కథనానికి చెందినవి, ప్రశ్న వరుస, ‘టుమారో’ ప్రత్యక్ష కథనానివి. చేరవేత క్రియ అసలే లేదు. రచయిత్రి కంఠంలోనే పాత్ర మనసు వినిపిస్తుంది. తెలుగులోకి తెచ్చే అనువాదకులకు కాలాన్ని వెనక్కి జరిపే సాధనం లేదు కనుక భారమంతా సర్వనామం మీద పడుతుంది: ‘రేపు నేనేం చేయాలి?’ అంటే అది పాత్ర స్వగతం, ‘రేపు ఆమె ఏం చేయాలి?’ అంటే రచయిత్రి వేసిన ప్రశ్న, ‘రేపు తానేం చేయాలి?’ అన్నప్పుడే ఇద్దరి గొంతులూ కలిసి వినిపిస్తాయి.