భీమునిపట్టణములో పది దినములు

విశాఖపట్టణమునకు ఈశాన్యమున సుమారు 25 కిలోమీటర్ల దూరమున, గోస్తనీనది సముద్రమున గలియు చోట భీమునిపట్టణము గలదు. ఆ ప్రాంతమువారు భీమిలి యందురు. విశాఖనుండి తీరము వెంబడి పోవు బాట మిక్కిలి మనోహరమైనది. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క కొండలు, నడుమ నడుమ ఎఱ్ఱమట్టి దిబ్బలు. 17వ శతాబ్దమున డచ్చివారు ఇచ్చట వర్తకము సాగించి కోట కట్టుకొనిరి. 1824వ సంవత్సరపు సంధి ననుసరించి ఆ స్థలము ఇంగ్లీషువారి వశమయ్యెను. డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1861లోనే పురపాలకసంఘ మేర్పడిన యూరది. పావురాలకొండమీద బౌద్ధవిహార శిథిలములును, వాననీరు నిలుచుటకై ఱాతిలో తొలిచిన తొట్లును గలవు. ఇవన్నియు చూచితిమి గాని, సోదరీమణులారా, చూచినదెల్ల నాలుగు కుక్కల గొలుసులు చేతబట్టుకొని చూచినదే!

నా చిన్ననాటి స్నేహితురా లొకతె ఆ యూర కొండవాలున కాపురమున్నది. ఆమె భర్త ఓడలలో నుద్యోగి. ఏటిలో సగము సముద్రముమీదనే గడచును. తోడుగా నుండునని ఒక కుక్కను తెచ్చుకొనగా, అది నాలుగైనది. చెల్లెలి పురుటికి హైదరాబాదు పోవలసివచ్చి, "వదినా, అన్నయ్యగారికి సంక్రాంతి సెలవులే గదా, పది రోజులు వచ్చి మా యిల్లు కనిపెట్టుకొని యుండరాదా?" యని ఫోనులో నడిగెను. ఇల్లనగా కుక్కలని నాకు తెలియును. డబ్బు పుచ్చుకొని కుక్కలను కొలదిదినము లుంచుకొను వసతులు విశాఖలో నున్నవి గాని, అన్నిటిలో పెద్దదానికి 12 ఏండ్లు. క్రొత్తచోట తిండి ముట్టదు. మా యింట పూర్వమునుండియు కుక్క గడప దాటి యెఱుగదు. మా అత్తగారు "పంతులుగారి భార్య కుక్కలకు కావలియా!" యని నవ్విరి గాని వలదనలేదు. మావారు నాలుగు పుస్తకములు సంచిలో వేసికొని సిద్ధమైరి. అందు ఒక్కటియు తెఱువబడలేదని యిప్పుడే చెప్పివేయుచున్నాను.

రాణి లాబ్రడారు జాతిది. మూతి నెరసినది, నడక మందము. బుల్లి డాష్‌హండు జాతిది. ఎత్తు జానెడు, నిడుపు మూరెడు. కఱ్ఱియు గౌరియు వీధికుక్కలు. కఱ్ఱికి బండి యెక్కి వెనుకకాలొకటి పోయినది. గౌరి యేడాది నిండని కూన. వయస్సునను ఒడ్డునను రాణియే పెద్దది గనుక పెత్తనము దానిదేయని యెవరైన ననుకొందురు. ఆ యింట పెత్తనము బుల్లిది.

స్నేహితురాలు మూడు పుటల కాగితము వ్రాసి వంటింటి గోడకు అంటించి పోయెను. అందు మొదటి పంక్తి యిది: ముందు బుల్లికి పెట్టవలెను, తరువాత రాణికి, కఱ్ఱికి, కడపట గౌరికి, నాలుగింటికిని నాలుగుచోట్ల, తలుపులు మూయవలెను. పంక్తిభేదము చేయరాదని విని పెరిగినవారము మనము. చిన్నకూనను కడవఱకు నిలుపుట నాకు మనసొప్పలేదు. అయినను ఆమె వ్రాసినట్లే చేసితిని. రెండుపూటలు గడచునప్పటికి దానిలోని మర్మము తెలిసినది. బుల్లి గిన్నె చప్పుడగుటతోడనే తక్కిన మూడును తమ తమ మూలలకు పోయి కూర్చుండును. తనవంతు ఎప్పుడు వచ్చునో యెఱిగిన జంతువు నెమ్మదిగా నుండును. గిన్నె తప్పక వచ్చునను నమ్మకము గౌరికి చాలును. కడపటిదానినని దాని కేమియు చిన్నతనము లేదు. మనము జాలిపడి దానిని ముందుగా పిలిచితిమా, మన వెనుక ఆ జాలికి వెల చెల్లించునది ఆ కూనయే. పది దినములకు వచ్చినవారు ఆ యింటి ధర్మమును దిద్దబూనుట తగదు.

తలుపులు మూయుటయు నట్టిదే. త్వరగా తిన్నది ప్రక్కదాని గిన్నెమీదికి పోవును. గిన్నెలు తీసి కడిగిన పిమ్మటనే తలుపులు తెఱవవలెను. నాలుగును కలసియున్నచోట ఎముకగాని బంతిగాని నేలమీద విడువరాదు. పోట్లాట వచ్చినచో నడుమ చేయి పెట్టక, చెంబెడు నీళ్లు చల్లుటయో దుప్పటి విసరుటయో చేయవలెను. టీకాలు వేయించిన కుక్కయైనను పల్లు దిగినచో, ధారగా నీరు పోయుచు సబ్బుతో 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పిచ్చికుక్క రోగము పైకి కనబడిన తరువాత మనుష్యుని బ్రదికించుట దాదాపు అసాధ్యము. మాకట్టి యవసరము రాలేదు. దుప్పటి మాత్రము రెండుమాఱులు విసరవలసి వచ్చెను.

మేము శాకాహారులము. కుక్కల కూడు, అనగా నూకలు, గుమ్మడికాయ, చేపలు, పెరటిపొయ్యిమీద ఆ యింటి పనిమనిషి వండెడిది. మొదటి రెండుదినములు ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొంటిని. నాలుగవనాటికి, ముండ్లన్నియు తీసినదో లేదో యని నేనే గరిటెతో కలిపి చూచుచుంటిని. ఈ సంగతి అత్తగారి చెవిని వేయుదునని మావారు వేళాకోళమాడిరి. అందు ఉల్లిపాయ పడకుండ చూచుటయు నా పనియే. అది కుక్కల నెత్తుటికి చేటు.

ఆ యింట ఏది పాడైనను కఱ్ఱి పేరే వచ్చును. ఒకనాడు మావారి కండ్లజోడు నమలబడి ముక్కలుగా దొరకెను. పనిమనిషి చీపురు పుచ్చుకొని కఱ్ఱిమీదికే పోయెను. జనమేజయుని తమ్ములు ఏ తప్పును ఎఱుగని కుక్కపిల్లను కొట్టగా, తల్లియైన సరమ రాజునెదుటికి పోయి న్యాయ మడిగిన కథ ఆదిపర్వమున మనమందఱము చదివినదే. నేను చీపురు దింపించితిని. కండ్లజోడు పుల్ల గౌరి పక్కబట్టలో దొరకెను. ఏడాదిలోపు కూన యందినదెల్ల నమలును. అందనియెత్తున పెట్టుకొనవలసినవారు కండ్లజోడుగలవారు.

ఉదయ మైదుగంటలకును, ప్రొద్దు గ్రుంకు వేళను నడక. నాలుగింటిని ఒక్కమాఱు తీసికొనిపోవుట కుదురదు. గౌరి ముందుకు లాగును. రాణి పదియడుగులకొకమాఱు నిలుచును. అందుచేత కఱ్ఱిని గౌరిని మావారును, రాణిని బుల్లిని నేనును పంచుకొంటిమి. డచ్చివారి సమాధుల గోడవెంట రాణి ప్రతి మూల వాసన చూచుచుండగా, కోసుగా నిలిచిన ఆ కట్టడములను గోడమీదుగా చూచుటకు నాకు కావలసినంత తీరిక చిక్కెను. వీధికుక్కలకు సరిహద్దులు గలవు; ఒక దీపస్తంభము దాటగానే వేఱొక గుంపు రాజ్యము. ఆ గీత మనకు కనబడదు. కఱ్ఱి మాత్రము ఠక్కున నిలిచెడిది. మావారును అచ్చటనే మరలెడివారు.

ఇసుకలో గొలుసు విప్పరాదను మాటక్రింద కాగితమున రెండు గీతలు గీయబడియుండెను. జనవరి మొదలు మార్చివఱకు ఆ తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి, గోయి త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క గోతిలో ఇంచుమించు నూఱు గ్రుడ్లు. 45 మొదలు 60 దినములలో పిల్లలు వెలువడును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణచట్టము వానిని కాపాడుచున్నది. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి కంచెవేసిన చోట పొదిగించుచుందురు. వారికంటె ముందు కుక్కలు పసిగట్టినచో గోయి ఖాళీయే. గౌరి యిసుకలో ముక్కు పెట్టి ముందుకాళ్లతో త్రవ్వ మొదలిడినప్పుడెల్ల నా గుండె జల్లుమనెడిది.

రెండవ భయము వలలు దులుపు చోట. జాలరులు పనికిరాని చేపలను ఒడ్డున పాఱవైతురు. అందు ముట్టుకొనిన బంతివలె నుబ్బు చేప యొకటి గలదు. దాని విషము కుక్కను కొన్ని గంటలలోనే చంపగలదు. ఒక జాలరి ముసలమ్మ దానిని కాలితో త్రోసి చూపి, "ఈ గుంటని దీని దరికి రానీకమ్మా" యని గౌరిని చూచి చెప్పెను. ఆమె చెప్పిననాటినుండి మేము పడవలవైపు పోవుట మానితిమి.

భోగిపండుగ తెల్లవాఱుజామున టపాకాయలు ప్రేలును. మన చెవికి సెకనుకు 20,000 కంపనములవఱకు వినబడగా, కుక్కచెవికి సుమారు 45,000 వఱకు వినబడును. ముందురాత్రియే నడిమిగది కిటికీలు మూసి, దుప్పట్లు పఱచి, రేడియో పాడనిచ్చితిమి. బుల్లి పెత్తనమంతయు మఱచి గౌరి పొట్టక్రింద దూఱెను. కఱ్ఱి వణకుచు మావారి పాదములపై కూర్చుండగా, వారు భోగిమంటకు పోక దాని తల నిమురుచుండిరి. మఱునాడు పొరుగువారు పరమాన్నము తెచ్చిరి. పిల్లలు ప్రేమతో కుక్కలకు పెట్టబోగా, ఎండుద్రాక్ష వాని మూత్రపిండములను చెఱుచునని చెప్పి నిలిపితిని. చాకొలేటును అట్టిదే.

కనుమనాడు రాణి కూడు ముట్టలేదు. "అమ్మగారిమీద బెంగ" యనెను పనిమనిషి. స్నేహితురాలును ఫోనులో గొంతు గద్గదము కాగా, "బెంగే వదినా, నా పాతచీర దానిక్రింద పఱువు" మనెను. పఱచితిని. రాణి చీరమీద తల వాల్చి పండుకొనెను, కాని తినలేదు. కావ్యములలో విరహవర్ణనలు చదువుకొన్న నాకును ఆ మాట హృదయమునకు తాకినదే. అయినను బెంగపడిన జీవి గిన్నెను చూచి మొగము త్రిప్పుకొనవలెను గదా! రాణి ఆత్రముతో వచ్చును; నోట పెట్టుకొనును; ముద్ద కుడిప్రక్కకు పోగానే విడిచి చొంగ కార్చును. వెలుతురునకు త్రిప్పి చూడగా కుడికంటిక్రింద ఉసిరికాయంత వాపు కనబడెను.

మఱునాడు ఆటోలో విశాఖకు, పశువైద్యులకడకు కొనిపోయితిమి. కుక్కకు 42 పళ్లు. పైదవడలో మాంసమును కత్తిరించు పెద్దపల్లు చీలి, వేరున చీము చేరి కంటిక్రిందికి వాచెను. గట్టి యెముకలు కొఱుకుటచే తఱచు ఇట్లగునట. మందులచే నొప్పి తగ్గునుగాని పల్లు తీయక తీఱదు. తీయవలెనన్న మత్తు ఈయవలెను. 12 ఏండ్ల ప్రాణి గనుక ముందుగా నెత్తురు పరీక్షించి మూత్రపిండములను, కాలేయమును చూడవలెను. అటుపిమ్మట ఒక కాగితము నాముందు పెట్టి సంతకము చేయుమనిరి. మత్తులో ప్రాణము పోయినను అంగీకారమేయని దాని యర్థము.

ఇతరుల బంగారము దాచుట యెంత సులభమో అప్పుడు తోచెను. అది పోయిన, అంతయెత్తు చేయించి యీయవచ్చును. స్నేహితురాలు పురిటిగదిలో నుండుటచే ఫోను పలుకలేదు. రెండుగంటలు ఆ కాగితము నా యొడిలోనే యుండెను. రాణి నా చెప్పులమీద గడ్డమానించి పండుకొనియుండెను. తుదకు ఆమె పలికెను. సంగతి విని కొంతసేపు మాటాడలేదు. పిదప, "నీ బిడ్డకయితే యేమి చేయుదువో అదే చేయుము వదినా, నేను వ్రాసికూడ పంపుచున్నాను" అనెను. ఫోనులో ఆమె వ్రాత చూచిన పిమ్మట, యజమానురాలికి బదులుగా అని వ్రాసి సంతకము పెట్టితిని. పరీక్షలో అవయవములు బాగుగనే యున్నవని తేలెను. రెండుదినములు చీమునకు మందిచ్చి, మూడవనాడు ఉపవాసముంచి పల్లు తీసిరి. ఆ గంటసేపు మావారును నేనును బల్లమీద కూర్చుండి ఒక్కమాటయు నాడుకొనలేదు. మత్తు దిగునప్పుడు రాణి కన్ను విప్పి, తోక నొకమాఱు నేలకు తాటించెను.

ఇంటికి తెచ్చిన రాణిని చూచి బుల్లి పండ్లికిలించి గుఱ్ఱుమనెను! మందుల వాసనచే అది తన రాణి కాదనుకొన్నది కాబోలు. ఆ రాత్రి రాణిని వేఱుగదిలో నుంచి, తలుపు సందునుండి వాసన చూడనిచ్చితిమి. తెల్లవాఱిన పిమ్మట గొలుసులతో పెరటిలో కలిపితిమి. బుల్లి రాణి మొగమంతయు నాకెను. రాణికి చల్లార్చిన మెత్తని గంజి. జబ్బుదానికే ముందు పెట్టవలెనని చేయి పోయినను, బుల్లి గిన్నెయే ముందు పెట్టితిని.

మఱునాడే స్నేహితురాలు వచ్చెను. ఎగిరిపడుచున్న బుల్లిని ముందు పలుకరించి, రాణికడకు పోయి నేలమీద చతికిలబడి దాని కుడిబుగ్గ నిమిరెను. వైద్యులిచ్చిన పల్లును కాగితపు పొట్లములో నామెకిచ్చితిని. విప్పి చూచి, మరల మడిచి, కుంకుమభరిణ ప్రక్కన పెట్టుకొనెను. తరువాత లేచి వంటింటి గోడమీది కాగితమున, వారమునకొక యెముక యని వ్రాసియున్న పంక్తిని కొట్టివేసెను.