టీచరమ్మ మన ఇంటికి రావాలి

మేముండే డాలస్ శివార్లలో పిల్లలు ఇళ్లలో తెలుగు, స్పానిష్, కొరియన్, అరబిక్ మాట్లాడి, బడిలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు ఆ భాష నేర్పే టీచర్లకు టెక్సాస్‌లో సాధారణంగా ఇఎస్ఎల్ (రెండో భాషగా ఇంగ్లిష్) సర్టిఫికెట్ ఉండాలి. భాష వరకూ అది మంచి ఏర్పాటే. ఇంటి సంగతులు తెలుసుకోవడం అంతకన్నా కష్టం.

మా స్నేహితుల పాప తిరుమలలో తలనీలాలిచ్చి, సెలవుల తర్వాత నున్నటి గుండుతో బడికెళ్లింది. టీచరు ఏదో పెద్ద జబ్బేననుకుని బెంగపడి, మెల్లగా నర్సు గదికి తీసుకెళ్లింది. తల్లికి ఫోనొచ్చింది. ఆ టీచరు మనసు బంగారం. కానీ టీచర్ల శిక్షణలో దీపావళి గురించి చెప్పారు, సమోసాల గురించి చెప్పారు. మొక్కు గురించి ఎవరు చెబుతారు? అలాగే మందలిస్తున్నప్పుడు మనవాడు తల దించుకుంటే ఇంట్లో అది పెద్దల పట్ల మర్యాద. ఇక్కడ చాలామంది టీచర్లకు అది లెక్కలేనితనంగా కనిపిస్తుంది.

లోకంలోని ఆచారాలన్నీ బట్టీ పట్టించడం ఏ శిక్షణకూ సాధ్యం కాదు. పైగా అలాంటి జాబితాలు ‘భారతీయులంటే ఇంతే’ అన్న కొత్త ముద్రలు వేస్తాయి. టీచరుకు నేర్పాల్సింది అడగడం, వినడం. 1990ల మొదట్లో ఆరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్, నోర్మా గొన్సాలెజ్‌లు, వారి సహచరులు ఆ పనే చేశారు. టీచర్లకు మానవశాస్త్ర పరిశోధకుల్లా చూడటం, రాసుకోవడం నేర్పి మెక్సికన్ కార్మిక కుటుంబాల ఇళ్లకు పంపారు. లోపాలు వెతకడానికి కాదు, ఆ ఇంట్లో ఏ విద్య ఉందో చూసి రావడానికి. వ్యవసాయం, పశుపోషణ, ఇళ్లు కట్టడం, మూలికా వైద్యం అన్నీ కనిపించాయి. ఒక తల్లి తరగతికి వచ్చి పిల్లలకు మెక్సికన్ మిఠాయి చేయడం నేర్పింది. దాని చుట్టూ లెక్కలు, సైన్సు పాఠాలు అల్లుకున్నాయి. ఆ రోజు ఆ తల్లే టీచరు!

ఒక పూట స్లైడ్లు చూపించి సంతకాలు పెట్టించుకునే శిక్షణ నా దృష్టిలో శిక్షణే కాదు. ఇళ్లకు వెళ్లే గంటలను టీచరు పనివేళల్లో కలిపి, వాటికి జీతమివ్వాలి.

మన వంతూ ఉంది. పేరెంట్ మీటింగులో మార్కులు అడిగి లేచి వచ్చేస్తున్నాం. ఈ ఆగస్టులో బడి తెరవగానే టీచరుకు మీ ఇంటి గురించి నాలుగు ముక్కలు రాయండి. వీలైతే ఒకసారి భోజనానికి పిలవండి.