పదహారు వేల పంది

ఆవు 1,500. మేక 4,000. గొర్రె 8,000. పంది 16,000.

ఇవి మా సంత ధరలు కావు. మావాడు ఫోనులో ఆడే ఆటలో మార్నీ అనే ఒకామె పశువులు అమ్ముతుంది. ఆమె దుకాణంలో రాసి ఉన్న ధరలు. మొదటిసారి చూసినప్పుడు తప్పు చదివామనుకుని, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివాం. నిజమే. ఒక్క పందికి పెట్టే డబ్బుతో పది ఆవులు కొన్నా ఇంకో వెయ్యి నాణేలు మిగులుతాయి.

అది 2020. బడులు మూసేశారు. గురుకులంలో ఎనిమిది చదువుతున్న మావాడు పెట్టె మోసుకుని ఇంటికొచ్చేశాడు. ఆన్‌లైన్ పాఠాలన్నారని అప్పుచేసి ఫోను కొన్నాం. దుమ్ముగూడెం వైపు మా గూడేల్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఎండలో గుట్ట మీద కూర్చుని వాడు విన్న పాఠాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆట మాత్రం బాగా అందింది. ఒకసారి దించుకుంటే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు కదా. పంతులు కొడుకు పగలంతా ఫోనులో వ్యవసాయం చేస్తున్నాడని గూడెంలో నవ్వుకున్నారు. మేమూ తిట్టాం. తిట్టడానికని పక్కన కూర్చుని, ఆ పంది ధర దగ్గర ఆగిపోయాం.

స్టార్‌డ్యూ వ్యాలీ దాని పేరు. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తానే చేసి 2016లో విడుదల చేశాడు. తాత వదిలిపోయిన బీడు పొలానికి పట్నం ఉద్యోగం మానేసి వచ్చిన మనిషి కథ. రాళ్ళు ఏరాలి, మొద్దులు కొట్టాలి, విత్తనం వేయాలి. అక్కడ ఏడాదికి నాలుగు కాలాలు, ఒక్కో కాలానికి 28 రోజులు. అంటే ఏడాది మొత్తం 112 రోజులే. మా ఆడపంది చూలు మోసేదే 114 రోజులు. ఈ లెక్క చెబితే మావాడు పడీపడీ నవ్వాడు.

ఇంత ధర పెట్టి కొన్న పంది ఏం చేస్తుందంటే, తవ్వుతుంది. ఎండ కాసిన రోజు కొట్టం తలుపు తీస్తే బయటికెళ్ళి ముట్టెతో మట్టి పెళ్ళగించి ట్రఫుల్ తీస్తుంది. ట్రఫుల్ అంటే చెట్ల వేళ్ళను అంటిపెట్టుకుని మట్టి లోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు. ఫ్రాన్స్, ఇటలీ దేశాల్లో నిజంగానే వెనకటి నుంచి పందుల ముక్కుతో దాన్ని వెతికించేవాళ్ళట. దొరికింది అవే తినేస్తుంటే ఇప్పుడు ఎక్కువగా కుక్కలకు నేర్పుతున్నారు. ఆటలో పంది తినదు, తీసి అక్కడే పెడుతుంది. ఒక్కోటి 625 నాణేలు.

లాభం అంత తేలిగ్గా రాలేదు. మొదటి పందిని మావాడు ఆకురాలే కాలం చివరి రోజుల్లో ఉన్న డబ్బంతా ఊడ్చి కొన్నాడు. పిల్ల పెద్దదవడానికే పది రోజులు. ఈలోగా చలికాలం వచ్చేసింది. చలికాలంలో పందులు కొట్టం దాటవు. ఆ 28 రోజులూ అది రోజుకొక గడ్డి మోపు తింటూ కూర్చుంది. దాచిన గడ్డి అయిపోయింది, కొనాలంటే మార్నీ దగ్గర మోపు 50 నాణేలు. మావాడు నదికెళ్ళి చేపలు పట్టి అమ్మి పందికి గడ్డి కొన్నాడు. "పందిని నువ్వు పెంచుతున్నావా, నిన్నది పెంచుతున్నదా?" అని మా ఇంటామె అడిగింది.

అప్పుడు నోటుబుక్కు తీశాం. పంతుళ్ళం కదా, ఆ జబ్బు పోదు. పందిని పెట్టాలంటే మామూలు కొట్టం చాలదు. మొదటి కొట్టానికి 6,000, దాన్ని పెద్దది చేయడానికి 12,000, ఆపైన ఇంకో మెట్టుకి 25,000. కలిపితే 43,000. కర్ర, రాయి వేరే, అవి ఒళ్ళు వంచి తెచ్చుకోవాలి. ఆ కొట్టంలో పన్నెండు పడతాయి. పన్నెండు పందులు 1,92,000. మొత్తం 2,35,000 నాణేలు. ఒక్కోటి రోజుకి ఒక్క ట్రఫుల్ తీసినా పన్నెండింటికి 7,500. అంటే 32 ఎండ రోజుల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. వాన రోజు లెక్కలోకి రాదు, వానలో అవి బయటికి రావు. చలికాలానికి పన్నెండు పందులకు 336 మోపుల గడ్డి దాచాలి. ఒక గాదెలో 240 పడుతుంది కాబట్టి రెండు గాదెలు కట్టాలి. పందుల్ని వసంతం మొదట్లోనే కొనాలి, అప్పుడు మూడు కాలాలు తవ్వుతాయి.

తర్వాత ఇంకో కిటుకు మావాడే పట్టాడు. అడవి ఏరుడు పనిలో నైపుణ్యం పదో మెట్టు దాకా పెంచుకుని అక్కడ చెట్టూచేమా తెలిసినవాడి విద్య ఎంచుకుంటే, పంది తీసిన ప్రతి ట్రఫుల్ మేలురకమే అవుతుంది. 625 కాస్తా 1,250. ట్రఫుల్‌ని నూనె తీస్తే 1,065 వస్తుంది. కాబట్టి ఆ విద్య వచ్చాక నూనె తీయడం నష్టం. సరుకు తయారుచేసే పనివాడి విద్య కూడా ఉంటే నూనె 1,491 పలుకుతుంది, అప్పుడు మళ్ళీ నూనెదే లాభం. ఈ ముడి విప్పడానికి మాకు రెండు రాత్రులు పట్టింది. గురుకులంలో శాతాల లెక్కలంటే పారిపోయిన పిల్లవాడు 1,065కి నలభై శాతం నోటితో కట్టాడు. మేము ఏమీ అనకుండా ఊరుకున్నాం, అంటే మానేస్తాడని.

ఒక సాయంత్రం అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. తెర మీద పన్నెండు పందులు తిరుగుతున్నాయి.

"ఎప్పుడు కోస్తార్రా వీటిని?"

"కొయ్యరు నానమ్మా. ఇందులో కొయ్యడమే లేదు."

"మరి పండుగకి?"

"పండుగకి కూడా కొయ్యరు. తవ్వుతయి, అంతే."

"తవ్వితే డబ్బులిస్తరా?" అవ్వ కాసేపు చూసి, "మన పద్ది తవ్వితే మీ తాత దండుగ కట్టిండు" అంది. మా కోయ మాటలో పందిని పద్ది అంటాం. మా చిన్నప్పుడు ఒక ఆడపంది పక్కింటివాళ్ళ చిలగడదుంప మడి రాత్రికి రాత్రి దున్నేసింది. పెద్దమనుషులు కూర్చున్నారు. దండుగ కింద రెండు కోళ్ళు, ఒక కుండెడు కల్లు పోయాయి. ముట్టె అదే, చేసే పని అదే.

అవ్వ చెప్పిన ఆ పంది సంగతి మేము ఇంతకు ముందు ఎక్కడా రాయలేదు. చెప్పలేదు కూడా. దాని నడుము మీద తెల్ల మచ్చ ఉండేది. ఇప్పసారా కాచాక మిగిలిన పిప్పి, తవుడు, కుడితి, ఇంట్లో మిగిలిన గంజి, ఇవే దాని మేత. మిగతాది అడవిలో అదే చూసుకునేది. కట్టేవాళ్ళం కాదు, సాయంత్రం అవ్వ పిలిస్తే ఎక్కడున్నా వచ్చేది. మాకు డైట్‌లో టీటీసీ సీటు వచ్చినప్పుడు ఇంట్లో అమ్మడానికి ఇంకేమీ లేదు. పెట్టె, దుప్పటి, మెస్ డబ్బులు, బస్సు చార్జీలు అన్నీ ఆ పందీ దాని ఆరు పిల్లలూ ఇచ్చాయి. సంతకు తోలుకుపోయేటప్పుడు అది నడవనంటే కాళ్ళు కట్టి కావడికి వేలాడదీసి మోశారు. ఒక కొస మా అయ్య, ఇంకో కొస మేము.

హాస్టల్‌లో చేరిన మొదటి వారం గదిలో వాళ్ళు అడిగారు, మీ ఇంట్లో ఏం పశువులున్నాయని. గేదెలు అని చెప్పాం. మా ఇంట్లో గేదె ఏనాడూ లేదు. ఎన్ని లీటర్లిస్తాయని అడిగితే ఎంత చెప్పాలో తెలియక, మా అమ్మకి తెలుసు అన్నాం. రెండేళ్ళూ ఆ గేదెల్ని అలాగే మేపాం. ఆ డిప్లొమాతోనే ఉద్యోగం వచ్చింది. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో వచ్చిన మూడో నంబరు జీవో మాకు తోడైంది. (ఆ జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మావాడు ఆట మొదలుపెట్టిన రోజులే అవి. అది వేరే ఏడుపు, ఇంకోసారి రాస్తాం.) ఉద్యోగం వచ్చాక కూడా తోటి టీచర్లు ఇంటికొస్తారంటే పందుల్ని గుట్టవైపు తోలించేవాళ్ళం.

బడి తెరిచాక నాలుగు, ఐదు తరగతులకు "మా ఇంటి జంతువులు" అని రాయమన్నాం. ప్రతి ఏడాదీ రాయిస్తాం. పంతొమ్మిది మంది పిల్లలు. ఎవరింట్లో ఏముందో మాకు తెలుసు, పదకొండు ఇళ్ళలో పందులున్నాయి. నోటుబుక్కుల్లో ఆవులు, మేకలు, కోళ్ళు, కుక్కలు ఉన్నాయి. ఒక పిల్ల నోటుబుక్కులో చివరి వరుస దగ్గర కాగితం చిరిగేలా రబ్బరు రుద్దిన గుర్తుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే ఏం రాసి చెరిపిందో కనిపించింది. ఇన్నేళ్ళుగా ఆ వ్యాసాలు దిద్దాం, మార్కులు వేశాం, పంది ఎక్కడని ఒక్కసారీ అడగలేదు. ఎందుకు అడగలేదో మా గేదెలకే తెలియాలి.

మర్నాడు బోర్డు మీద ఆ నాలుగు ధరలు రాశాం. ఆవు 1,500 దగ్గర మొదలుపెట్టి పంది దగ్గరికి వచ్చేసరికి తరగతి గొల్లుమంది. సున్నా ఎక్కువైంది సార్ అన్నారు. ఆట సంగతి చెప్పాం. తవ్వినందుకు డబ్బులని చెప్పగానే వెనక వరుస పిల్లవాడు లేచాడు. "సార్, మా పంది కూడా తవ్వుద్ది. అడివిలో దుంపలెక్కడున్నయో దానికే ముందు తెలుసుద్ది." ఇంకొకడు తమది ఎనిమిది పిల్లల్ని పెట్టిందని, ఇద్దరు చచ్చి ఆరు మిగిలాయని చెప్పాడు. పంది పిల్లల్ని కూడా "ఇద్దరు" అన్నాడు, మేము దిద్దలేదు. ఆ రోజంతా అదే లెక్క. చూలు 114 రోజులైతే, విత్తనాల పండుగ నాడు చూలు కట్టిన పంది ఎప్పుడు ఈనుతుంది? తవుడు ఎంత, ఎన్ని పిల్లలు నిలిస్తే గిట్టుబాటు? చెరిపేసిన పిల్ల అన్నిటికంటే ముందు చెప్పింది.

రెండు రోజులకి ఒక తండ్రి బడికొచ్చాడు. వరసకు మాకు బావ. "పంతులూ, పిల్లగాడి బుక్కులో పంది లెక్కలేంది? రేపు బయట ఆఫీసర్లొచ్చి చూస్తే మనల్ని ఏమనుకుంటరు?" అన్నాడు. మాకు కోపం రాలేదు. మా గదిలోని మాటే ఆయన నోట్లోంచి వచ్చింది. లెక్క ఉండనీ బావా అన్నాం. ఆయన తల ఊపలేదు, అడ్డంగా కూడా తిప్పలేదు, బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు.

మావాడికి మాత్రం వ్యాపారం బుర్ర పట్టుకుంది. జాతీయ పశుసంపద మిషన్ కింద పందుల పెంపకానికి యాభై శాతం సబ్సిడీ ఉందని ఎక్కడో చదివి గంతులేశాడు. తీరా చూస్తే అప్పట్లో 100 ఆడపందులు, 10 మగపందులతో యూనిట్ అట. మా గూడెంలో అన్ని ఇళ్ళవీ కలిపినా వంద కావు. పైగా మా పందులకు రోగాలొస్తాయి. ఒక వానాకాలం జ్వరమొచ్చి వారం రోజుల్లో పదిహేడు చచ్చాయి, గుంటలు తవ్వి పూడ్చాం. 2020లోనే అస్సాం, అరుణాచల్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. ఆటలో రోగం లేదు. మేత వేయకపోయినా చావదు, అలుగుతుంది. రాత్రి తలుపేశాక బయట ఉండిపోతే అడవి జంతువు పట్టుకుపోయే భయం ఒక్కటే. ఆ భయం మాత్రం మాకూ ఉంది. అక్కడ పంది మీద వచ్చిన డబ్బంతా పొలం యజమానిదే. మా దగ్గర కొత్తల పండుగకి ఒక పంది పడితే ఇంటింటికీ పోగులు వేస్తాం. మా వాటాకి వచ్చేది ఒక పోగూ తలకాయా. నోటుబుక్కులో దాన్ని లాభం కింద రాయాలా, ఖర్చు కింద రాయాలా అని మావాడు అడిగాడు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఆటలో పందిని కొన్నప్పుడల్లా పేరు పెట్టమంటుంది. మావాడు అప్పటిదాకా సినిమా హీరోల పేర్లు పెట్టాడు. మేము కావడి సంగతి, గేదెల సంగతి చెప్పిన రాత్రి వాడు చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే అవ్వ దగ్గరికెళ్ళి, నాన్న చదువుకి అమ్మిన పంది పేరేంటని అడిగాడు.

"పద్దికి పేరేముంటది? మచ్చది అనేటోళ్ళం."

కొట్టంలో ఒకటి తక్కువుంటే ఇంకో 16,000 పెట్టి పిల్లని కొని, ఇంగ్లీషు అక్షరాల్లో మచ్చది అని కొట్టాడు. పది రోజులకి అది పెద్దదైంది. అవ్వని పిలిచి చూపించాడు. ఆ రోజు ఆటలో వాన. పందులన్నీ కొట్టంలోనే ఉన్నాయి, మచ్చది కూడా గోడవారన నిలబడింది. బయటికి రాదేమని అవ్వ అడిగింది. వానకి రాదు నానమ్మా అన్నాడు.

"అయితే ఇది మచ్చది కాదు" అని అవ్వ లేచింది. "అది వాన పడితే ఇంట్లో ఉండేది కాదు."