నౌపడ చిన్న రైలు: రంగేస్తే సరిపోదు, నిప్పు రాజుకోవాలి

విజయనగరం నుంచి పలాస వైపు ప్యాసింజర్‌లో వెళ్తుంటే కోటబొమ్మాళి దాటాక నౌపడ వస్తుంది. ఆ పేరు చెబితే చాలామందికి ఉప్పు మడులే గుర్తొస్తాయి. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం నౌపడ లెక్కే వేరు. ఒక రాజుగారు వేయించిన రైలు ఇక్కడి నుంచే నడిచింది మరి!

1890లలో సముద్ర తీరం వెంబడి పెద్ద లైన్ పడింది. పర్లాకిమిడి మాత్రం దానికి 40 కిలోమీటర్లు లోపల ఉండిపోయింది. అక్కడి రాజా గౌరచంద్ర గజపతి ఊరుకోలేదు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా తన ఊరికి లైన్ వేయించారు. 1900లో రైలు మొదలైంది. మొదట్లో నష్టాలే. 1920లలో లాభాలు పెరిగాయి. దాంతో 1931 నాటికి లైన్‌ని గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఇదే. 1936లో అది ఒరిస్సాలో కలిసింది. పాతపట్నం ఇటు, పర్లాకిమిడి అటు. ఊళ్లు విడిపోయినా పట్టాలు మాత్రం కలిపే ఉంచాయి.

ఆ పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే, అంటే రెండున్నర అడుగులు. ఇప్పటి బ్రాడ్‌గేజ్ 1676. ఇరుకు లైన్ అయితే ఖర్చు తక్కువ, మలుపులు ఎక్కువున్నా తట్టుకుంటుంది. ఇంజన్ కూడా చిన్నదే. కానీ పని చిన్నది కాదు. స్విచ్ నొక్కితే స్టార్ట్ అయ్యేది కాదది. రైలు కదలడానికి గంటల ముందే నిప్పు రాజేయాలి. ఫైర్‌మన్ బొగ్గు వేస్తూనే ఉండాలి, బాయిలర్‌లో నీళ్ల మట్టం మీద ఒక కన్నేసి ఉంచాలి.

నీళ్లు తగ్గిపోతే? ఇంజనీరింగ్ చదివినవాడిగా నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. స్టీమ్ ఇంజన్లలో నిప్పు గది పైకప్పుకి మెత్తటి లోహంతో చేసిన బిరడా ఉంటుంది. దాని మీద నీళ్లున్నంతసేపు చల్లగా ఉంటుంది. నీళ్లు దిగిపోతే కరిగిపోతుంది. ఆవిరి ఒక్కసారిగా నిప్పు గదిలోకి దూసుకొచ్చి ప్రమాదాన్ని చెప్పేస్తుంది. సెన్సర్ లేదు, కోడ్ లేదు. మేం ఇప్పుడు ఫెయిల్‌సేఫ్ అని గొప్పగా చెప్పుకునేది వీళ్లు ఎప్పుడో వాడేశారు.

తర్వాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. 2004లో చిన్న రైలు ఆగిపోయింది. 2011కి గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆసుపత్రికో, కాలేజీకో పోవాల్సినవాళ్లకి పాత రైలు అందం కంటే టైముకి చేరడమే ముఖ్యం కదా.

మరి ఆ ఇంజన్ల సంగతి? కొన్నిటిని రంగులేసి ప్రదర్శనకి నిలబెట్టారు. మనం పక్కన నిలబడి సెల్ఫీ దిగుతాం, వచ్చేస్తాం. కానీ రంగు వేయడం వేరు, బతికించడం వేరు. నడవాలంటే బాయిలర్ గొట్టాలు మార్చాలి, నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి ఎక్కడా కారట్లేదని తేల్చుకోవాలి. దొరకని విడిభాగాలు చేతితో చేయించాలి. కష్టమే, అయినా అసాధ్యం కాదు. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ని 1997లో మళ్లీ పట్టాలెక్కించారు. తర్వాత దాని భాగాలు దొంగలు ఎత్తుకుపోతే చెన్నై పెరంబూరు వర్క్‌షాప్ వాళ్లు మళ్లీ బాగుచేశారు. నౌపడ దగ్గర రెండు, మూడు కిలోమీటర్ల చిన్న పట్టా వేసి ఒక్క ఇంజన్‌ని ఆదివారాలు నడిపినా చాలు, జనం వస్తారు.

అసలు భయం ఇనుముతో కాదు. తుప్పు పట్టిన భాగాన్ని మళ్లీ పోత పోయించొచ్చు. ఏ ఎత్తు దగ్గర ఎంత బొగ్గు వేయాలో, ఏ శబ్దం వస్తే ఇంజన్ ఆపాలో పుస్తకాల్లో దొరకదు. అది ఆ ఇంజన్ల మీద పనిచేసినవాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లకి వయసు మీద పడుతోంది. టెక్కలి, పాతపట్నం వైపు మీ తాతగారో, పక్కింటి పెద్దాయనో చిన్న రైలు మీద పనిచేసి ఉంటే, ఈ పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఫోన్ తీసి వీడియో ఆన్ చేయండి. "రైలు ఎలా ఉండేది?" అని కాదు. "నిప్పు ఎలా రాజేసేవారు తాతా?" అని అడగండి.