కొల్లేటి గట్టున మూడు దినములు

సెలవులలో ఎక్కడికి పోయితిరి, ఏమి చూచితిరి, వ్రాసి పంపుడని ఈ పత్రికవారు తల్లిదండ్రులను గూడ అడుగుట మాకు సంతోషము. ఊటీకిని కొడైకెనాలుకును పోయివచ్చినవారు మాకంటె చక్కగా వ్రాయగలరు. మేము పోయినది విజయవాడకు డెబ్బది కిలోమీటర్ల దూరములోనున్న కొల్లేటి యొడ్డునకే. అక్కడ నున్నదియు మూడు దినములే. అయినను పోవుటకు కారణము కొంచెము విచిత్రమైనది గనుక ముందుగా దానిని చెప్పవలసియున్నది.

మా యిల్లు సింగునగరు వైపున, బుడమేటికి దాపున నున్నది. 2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారము ఉదయము వీథిలోనికి నీరు వచ్చెను. కాఫీ కాచుకొను వేళకు గడప దాటెను. మధ్యాహ్నమునకు కిటికీ కమ్ములనందుకొనెను. పై వాటాలోని పొరుగువారు తలుపు తీసి, "రండి, రండి, సామాను సంగతి తర్వాత చూద్దాం" అనిరి. పిల్లలను భుజములమీద నెత్తుకొని మెట్లెక్కితిమి. మఱి రెండిండ్లవారును అచ్చటికే చేరిరి. నాలుగు దినములు అందఱము ఒక్క కప్పు క్రింద గడపితిమి.

బుడమేరు మైలవరము వైపు కొండలనుండి దిగివచ్చు వాగు. ఎండకాలమున దానిని చూచినవారు అది ఒక యూరిని ముంచగలదని నమ్మరు. వెలగలేరు వద్ద దాని వరదను కృష్ణలోనికి మళ్ళించు కాలువ కలదు. కాని ఆ దినములలో కృష్ణయే పొంగి పాఱుచుండెను. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వద్ద 2వ తేదీన 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దాటినది. ఆ బ్యారేజి అంతకుముందెన్నడును అంత నీటిని చూడలేదు. తానే నిండియున్న నది వాగునీటిని పుచ్చుకొనునా? మళ్ళింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడెను. సైనికులు గూడ వచ్చి పనిచేయగా 7వ తేదీకి గాని వానిని పూడ్చుట కాలేదు.

మా పెద్దపిల్లకు పదునొకండేండ్లు. ఈ పాఠశాలయందే ఆఱవ తరగతి చదువుచున్నది. డ్రోనులు గాలిలో తేలివచ్చి మేడలమీద ఆహారపు పొట్లములను దింపుట ఆమెకు గొప్ప వింత. తడిసి ముద్దయైన పుస్తకములకు మాఱుగా ఉపాధ్యాయులు కూర్చి యిచ్చిన పుస్తకములను చూచుకొని వరద సంగతియే మఱచినది. (ఆ పుస్తకములకు మేమింకను సరిగా కృతజ్ఞత చెప్పలేదు, ఇచ్చట చెప్పుకొనుచున్నాము.) చిన్నవాని సంగతి వేఱు. వానికి ఐదేండ్లు. ఆ నాలుగు దినములును వాడు ఏడ్వలేదు, అడుగలేదు. పిట్టగోడ ప్రక్కన కూర్చుండి నీటిని చూచుచుండెను.

నీరు తీసినది. అగ్నిమాపకదళమువారి బండ్లు వచ్చి యిండ్లలోని బురదను కడిగినవి. గోడమీద మాత్రము బురద చార మిగిలినది. అది చిన్నవాని తలకంటె జానెడు ఎత్తున నుండెను. సున్నము కొట్టించినను తేమకు మరల పైకి తేలెను. అటుపిమ్మట వాన చప్పుడు వినబడిన చాలు, వాడు తన చెప్పులను, బడి సంచిని తెచ్చి మంచముమీద పెట్టుకొనెడివాడు. స్నానమునకు ఒక్క చెంబు నీటికి మించి పోయనీయడు. ఒకనాడు అన్నము తినుచు అడిగెను:

"ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయి?"

"కొల్లేటికి పోయాయి నాన్నా" అంటిమి. ఆలోచింపక చెప్పిన మాట.

"అక్కడేం చేస్తున్నాయి?"

మాకు తోచలేదు. కొంతసేపటికి వాడే, చుట్టముల సంగతి అడిగినట్లు, "మళ్ళీ ఎప్పుడొస్తాయట?" అనెను.

డిసెంబరు సెలవులలో మేము కొల్లేటికి పోవుటకు ఆ ప్రశ్న కారణము. అదొక్కటియే కారణమన్నచో పూర్తి నిజము కాదు. నాలుగు నెలలుగా తడిగోడలను చూచి చూచి మాకును విసుగు పుట్టియుండెను. బీరువా మొదలుకొని బియ్యపు డబ్బా వఱకు క్రొత్తవి కొనవలసివచ్చిన యేట కొండలకు విహారము మాటలా? పిల్లల అమ్మమ్మకు తమ్ముడొకరు కైకలూరు దాపున లంకగ్రామములో నున్నారు. మేము మామయ్యగారందుము, పిల్లలు తాతయ్య అందురు. ఆయన చేపలచెఱువు గట్టుమీద రెండు గదుల రేకుల యిల్లున్నది. అక్కడివారు దానిని మకాము అందురు. అందు రెండు నులకమంచములు, ఒక గ్యాసు పొయ్యి, మూలను వలలు. "పిల్లలతో వచ్చి ఉండండి, అద్దె లేదు" అని మామయ్యగారు ఎప్పటినుండియో నవ్వుచు పిలుచుచునే యున్నారు.

గుడివాడ మీదుగా భీమవరము పోవు రైలెక్కితిమి. సార్వా కోతలు ముగిసి పొలములలో కుప్పలు నిలిచియుండెను. మండవల్లి దాటునప్పటికి పొలములు తగ్గి చెఱువులు హెచ్చెను. కైకలూరులో దిగి ఆటోలో పోవుచుండగా గట్టు త్రోవకు రెండు ప్రక్కలను నీరే. చిన్నవాడు కన్నులు మూసికొనెను. మకాము వద్ద ఎంత బ్రతిమాలినను ఆటో దిగలేదు. చివఱకు ఎత్తుకొని లోపలికి తెచ్చితిమి. ఆ రాత్రి చెఱువులో చేప ఎగిరిపడిన చప్పుడైనప్పుడెల్ల వాడు లేచి కూర్చుండి మంచముమీది చెప్పులను తడవి చూచుకొనుచుండెను. అనవసరముగా తెచ్చితిమేమోయని మాకు నిద్ర పట్టలేదు.

తెల్లవాఱగనే చూచినది చేపలకు మేత పెట్టుట. చిల్లులుగల సంచులలో నూనె తీసిన తవుడును పిండిచెక్కయు నింపి, పడవలో పోయి, నీటిలో నాటిన గెడలకు వరుసగా కట్టుదురు. బొచ్చెలును శీలావతులును వచ్చి చిల్లులవద్ద పొడుచుకొని తినును. చేపలు కనబడవు, సంచులు మాత్రము ప్రాణము వచ్చినట్లు కదలుచుండును. పెద్దపిల్ల చప్పట్లు కొట్టెను. చిన్నవాడు గడపలోనుండియే చూచెను గాని చూచెను. పెరిగిన చేపలను మంచుగడ్డలలో పేర్చి లారీలలో బెంగాలు, అస్సాముల దాక పంపుదురట.

ఆ దినముననే ఆటపాక పోయితిమి. పక్షులను వర్ణించుటకు మాకు కలము చాలదు, వెళ్ళి చూడవలసినదే. గూడబాతులు చెట్లమీదను, అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుపమంచెలమీదను గూళ్ళు పెట్టి, ఒకదాని ప్రక్క నొకటి, తిరునాళ్ళలో దుకాణములవలె ఇఱుకుగా కాపురముండును. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోనికి మెడదాక దూర్చి చేపను తీసికొనుచుండెను. "దాన్ని మింగేస్తోందా?" అని మావాడు భయపడెను, అది తినుచున్నదని తెలిసికొని మొదటిమాఱు నవ్వెను. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున ఈ పక్షుల పెద్ద స్థావరమును కనుగొనెను. 1970ల నడుమనాటికి అవి ఆ చోటు విడిచిపోయెను. తరువాత కొన్నియేండ్లకు ఆటపాకకు వచ్చి మరల కాపురము పెట్టినవి. అచ్చట పడవ షికారు గలదు. పెద్దపిల్లతో మాలో నొకరము పడవ యెక్కితిమి. చిన్నవాడు ఎక్కనన్నందున రెండవవారము వానితో గట్టుననే నిలిచితిమి.

సాయంకాలము జరిగినది మేమెదురుచూచినది కాదు. మకాము వెనుక గోడవద్ద చిన్నవాడు కదలక నిలుచుండెను. పోయి చూడగా గోడమీద బురద చార. వాడు వీపు గోడకాన్చి కొలుచుకొనుచుండెను. చార వాని నడుము కడ నుండెను.

"ఇది మా ఇంట్లో గీతేనా తాతయ్యా?"

మామయ్యగారు చేతిలోని వలను క్రింద పెట్టి వాని ప్రక్కన గొంతుకూర్చుండిరి. "ఆ, అదే. మీ ఇంట్లోంచి ఇక్కడికి వచ్చింది. నడిచి వచ్చేసరికి అలిసిపోయింది, అందుకే పొట్టిగా ఉంది" అనిరి.

మాకు నోట మాట రాలేదు. చదువరులకు ఇచ్చటి నీటి నడకను కొంత చెప్పవలెను. కొల్లేరు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైనవియు, ఎన్నో మురుగుకాల్వలును వచ్చి అందులో పడును. బయటికి పోవు పెద్దదారి ఒక్కటియే, అది ఉప్పుటేరు. అఱువది కిలోమీటర్ల వఱకు వంకరలు తిరిగి బంగాళాఖాతమున కలియును. లోనికి వచ్చు ద్వారములు పెక్కు, బయటికి పోవు గుమ్మము ఒకటి అయినప్పుడు నీరు లంకల చుట్టును నిలువక ఏమి చేయును? సెప్టెంబరులో మా పేటలో నీరు తీయుచుండగా ఇచ్చటి లంకగ్రామములలో నీరెక్కెను. "మీరు బురద కడుక్కుంటున్నప్పుడు మేం గేదెల్ని గట్టెక్కించుకుంటున్నాం" అని మామయ్యగారు కోపము లేకయే చెప్పిరి.

ఆ పదిదినములలో ఆయన మాకు మూడుమాఱులు ఫోను చేసి పిల్లలెట్లున్నారని అడిగిరి. మేమాయనకు ఒక్కమాఱైనను చేయలేదు. నీరు తీసిననాడు "పీడ విరగడైంది" అని వీథివారందఱితో కలిసి అనుకొంటిమి. అది ఎవరి వాకిటికి పోవుచున్నదో తెలియనివారము గాము. బిడ్డకు నోటితో చెప్పియే యుంటిమి.

రాత్రి భోజనమైన పిమ్మట మామయ్యగారు తమ గొడవయు చెప్పిరి. సముద్రమట్టమునుండి ఐదడుగుల ఎత్తు గీతకు లోపలి భాగమును, అనగా 308 చదరపు కిలోమీటర్లను, 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో కొల్లేరు రాంసార్ జాబితా కెక్కెను. 2006లో ఆ గీత లోపలి చేపలచెఱువుల గట్లను తెగగొట్టిరి. అందు ఒకదానిలో ఆయనకు భాగముండెను. ఇప్పటి చెఱువు గీతకు వెలుపలిది, కౌలుది.

"గట్టు కొడుతుంటే ఇక్కడ కొట్టినట్టే ఉంది" అని ఱొమ్ముమీద చేయి వేసికొనిరి. "రెండేళ్ళు అప్పుల్లోనే ఉన్నాం. ఆ కోపం ఇంకా పోలేదు. కాని మొన్న వరదలో నీళ్ళు ఎటూ కదలకుండా నిలబడితే చూశాను. అడ్డంగా గట్లు లేకపోతే ఇంత నిలవదు కదా అనిపించింది. రెండూ నిజమే. ఏం చేస్తాం?"

మూడవనాడు ఉదయము ఆయన తాటిదోనెను తెచ్చిరి. తాటి మొదలును తొలిచి చేసిన చిన్నపడవ యది. ఇద్దఱు కూర్చుండిన కదలుటకు చోటుండదు. మోకాలిలోతు కాలువలో దానిని కట్టి, చిన్నవానిని పిలువకయే తాము కూర్చుండి వల సరిచేసికొనుచుండిరి. అవతల గుఱ్ఱపుడెక్క పూచి యుండెను. వాడు గట్టుమీదికి వచ్చెను. పోయెను. మరల వచ్చెను. చివఱకు వంగి, తన చెప్పులను విడిచి, వానిని ముందుగా దోనెలో పెట్టెను. మేము ఊపిరి బిగబట్టి చూచుచుంటిమి. పిమ్మట తానెక్కెను.

పది గజములు పోవునప్పటికి దోనె ఒరిగి దోసెడు నీరు లోపలికి వచ్చెను. వాడు పెట్టిన కేక యింకను మా చెవులలో నున్నది. మేము కాలువలోనికి దుమికితిమి. మామయ్యగారు మాత్రము తొందరపడక, వాని చేతికి ఒక కొబ్బరిచిప్ప నిచ్చి, "తోడి బయట పొయ్యి. ఇది నీ పని, నాది గెడ" అనిరి. వాడేడ్చుచునే తోడెను. తోడి పోసెను. నీరైపోయినను పోయుచునే యుండెను. కొంతసేపటికి ఏడుపు ఎప్పుడు మానెనో మాకు తెలియలేదు. గట్టుకు తిరిగి వచ్చి, మోకాళ్ళదాక తడిసి నిలిచియున్న మమ్ము చూచి, "మీకు చిప్ప లేదా?" అని అడిగెను.

ఆ సాయంకాలపు రైలుకే బయలుదేరితిమి. మామయ్యగారు బుట్టెడు కొరమీనులనిచ్చిరి. మేమీయదగిన దేదియు మాయొద్ద లేకుండెను; వానలు పడినప్పుడు తప్పక ఫోను చేయుదుమంటిమి. "చేయండి, ఇక్కడికి వచ్చేలోపల కబురు తెలుస్తుంది" అని ఆయన నవ్విరి. అది పరిహాసమే గాని అందు పనికివచ్చు సంగతియు గలదు.

విజయవాడలో దిగునప్పటికి చీకటి పడెను. మా పేటకు పోవు త్రోవలో బుడమేరు వంతెన యున్నది. చిన్నవాడు ఆటోలోనుండి తల బయటపెట్టి, దీపాల వెలుతురులో నల్లగా పాఱుచున్న ఆ సన్ననీటిని చూచి, "తాతయ్య దగ్గఱికే వెళ్తున్నాయి" అని అక్కతో చెప్పెను. తరువాత మావైపు తిరిగి, "వాకిట్లోకి వెళ్ళొద్దని చెప్పండి" అనెను.

ఆ రాత్రి వాన లేదు. అయినను చెప్పులు మంచముమీదనే యుండెను. సంచి మాత్రము క్రింద నుండెను.