అటక మీద శంకర్స్ వీక్లీ

మేం ముగ్గురం ఒకే మండలంలో పనిచేసే టీచర్లం. జీతం రాళ్లలో కొంత పక్కన పెట్టి పాత హాస్య పత్రికలు కొంటాం. ఈ మాట చెబితే ఊళ్లో నవ్వుతారు. గొర్రెలో మేకలో కొనుక్కోక ఈ చిత్తు కాగితాలేమిటంటారు. ఇప్పటికి 19 సంచికలు పోగయ్యాయి, అన్నీ శంకర్స్ వీక్లీలే. కొన్ని హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికాయి. కొన్ని విశాఖలో ఒక పాత పేపర్ల కొట్లో, తూకానికి వెళ్లబోతుంటే ఆపి కొన్నాం.

కేరళలో పుట్టిన కేశవ శంకర పిళ్ళై 1948లో ఢిల్లీలో ఈ పత్రిక పెట్టాడు. నెహ్రూయే ప్రారంభించాడు. తనను కూడా వదలొద్దని శంకర్‌తో అన్నాడంటారు. శంకర్ వదల్లేదు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది, వెంటే సెన్సారు. ఆగస్టు 31 సంచికతో పత్రిక ఆగిపోయింది.

మేం ముఖ్యంగా వెతికేది 1967 తర్వాతి సంచికల కోసం. ఆ ఏడాది అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు మన కోరన్న, మంగన్నలను కాల్చి చంపారు. తర్వాత మూడు నాలుగేళ్లు శ్రీకాకుళం కొండల్లో ఏం జరిగిందో మీ ఇళ్లల్లో ముసలివాళ్లకు తెలుసు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో బొమ్మ కింది మాట చదివాం. మంత్రులున్నారు, కాంగ్రెస్ చీలిక ఉంది, బ్యాంకుల జాతీయకరణ ఉంది. మన కొండ మాత్రం మా దగ్గరున్న ఏ సంచికలోనూ కనబడలేదు. పాత వారపత్రికల జోకుల్లో అడవి మనిషంటే ఆకులు కట్టుకుని, తెల్లవాణ్ణి కాగులో ఉడకబెట్టేవాడే. మనం నవ్వే వాళ్లలో లేం, నవ్వించే బొమ్మల్లో ఉన్నాం.

ఈ పత్రికలోనే 1949లో శంకర్ గీసిన బొమ్మ ఒకటి మీకు తెలిసే ఉంటుంది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కూర్చుని కొరడా పట్టుకుంటాడు, వెనక నెహ్రూ కూడా కొరడా ఎత్తుతాడు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో దాన్ని వేశారు. 2012లో పార్లమెంటులో గొడవై తీసేశారు. దీని మీద మాలో మాకే పడలేదు. కొరడా నత్తకే కదా, ఆలస్యం మీద వేళాకోళం అని ఒకరు. పిల్లవాడి కంటికి ముందు కనబడేది అంబేడ్కర్ వెనక కొరడా పట్టుకున్న మనిషే అని ఇద్దరం. తీసేయడం కంటే, పక్కన కూర్చుని వివరంగా చెప్పే టీచర్ ఉండటం మేలని మాత్రం ముగ్గురం ఒప్పుకున్నాం.

కాగితం పెళుసు, పిన్నులు తుప్పు. కొండ వానలకు బీరువాలో పెడితే బూజు. అందుకే వేపాకు వేసి గుడ్డలో చుట్టి పొయ్యి పైన అటక మీద పెట్టాం, విత్తనం మొక్కజొన్న పొత్తుల పక్కన. పొగకు పసుపెక్కుతాయి గానీ పురుగు రాదు.

ఒక రోజు వాటిని బడికి తీసుకెళ్లి, మీరూ గీయండర్రా అన్నాం. ఏడో తరగతి పిల్ల సంతలో షావుకారిని గీసింది. తక్కెడలో ఒక పక్క చింతపండు, రెండో పక్క రాళ్లతో పాటు షావుకారి బొటనవేలు. వేలు తక్కెడ కంటే పెద్దగా ఉంది. "ఎందుకమ్మా అంత పెద్దగా వేశావు?" అంటే, "అంత బరువుంటది మాస్టారూ" అంది. ఆ కాగితం కూడా అటకెక్కింది.

ఆగస్టు 31 సంచిక మాకింకా దొరకలేదు. మీకు తెలిసిన వాళ్లింట్లో ఉంటే కబురు పెట్టండి. వచ్చి జిరాక్సు తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం.