దీపనం

మా అబ్బాయి శ్రీసిటీలో ఉద్యోగి. ఆదివారాలు రాత్రి భోజనానికి ముందు ‘బులవార్డియే’ అనే చేదుతీపి పానీయం ఇంట్లోనే కలుపుకొంటాడు. రై విస్కీ, ఎర్రని కంపారీ, మూలికలు నానిన తీపి వెర్మూత్ సమపాళ్ళలో, తలా 30 మిల్లీలీటర్లు. మంచుముక్కలతో అరనిమిషం తిప్పి వడగట్టి, పైన నారింజతొక్క నులుముతాడు. (రై అనగానే ఆవాలనుకొనేరు! ఇది గోధుమకు దాయాది ధాన్యం.) 1927లో పారిస్‌లో హ్యారీ మెకెల్హోన్ వెలువరించిన పుస్తకంలో మాత్రం రై కాదు, మొక్కజొన్న పాలు హెచ్చైన బోర్బన్ ఉంది.

నేను ముట్టను. వాళ్ళమ్మ ఆ గ్లాసును వంటింటి అంట్లలో కలపనివ్వదు. అయినా మొన్న వాడు, “ఇలాంటివాటిని అపెరిటిఫ్ అంటారు. తెలుగులో ఏమనాలి నాన్నా?” అన్నాడు. పదవ తరగతి దాటాక నన్నొక మాట అడగడం అదే మొదలు.

లాటిన్‌లో దాని మూలార్థం తెరచుట. ఆకలికి తలుపు తీసేదన్నమాట. మన వైద్యంలో ‘దీపనం’ ఉన్నది, జఠరాగ్నిని రగిల్చేది. చేదు తాను రుచించకపోయినా అరుచిని పోగొడుతుందని చరకసంహిత. వేపపువ్వు చారు చేసే పనీ అదే. రెండో గ్లాసుకు ఆ పేరు చెల్లదని కూడా చెప్పాను. నవ్వాడు.

దీపనం సంస్కృతం. అచ్చతెనుగు మాట తడితే మిత్రులు సెలవివ్వగలరు.